గూడ్సుబండిని నడపువారెందరు?



మేముండు ఇల్లు రైలుకట్టకు చేరువనున్నది. రాత్రి భోజనములైన పిదప మావారు బడిపిల్లల నోటుపుస్తకములు దిద్దుకొనుచుందురు. మేము వసారాలో కూర్చుండి మా పిల్లలకు భారతకథ చెప్పుచుందుము. ఆ వేళకు దాదాపు ప్రతిదినమును ఒక గూడ్సుబండి పోవును. దానితో కథ ఆగును. పిల్లలు పెట్టెలు లెక్కపెట్టుటకు మొదలిడుదురు. మొన్న ఒకనాడు 58 పెట్టెలు లెక్కించి మా చిన్నమ్మాయి, "అమ్మా, ఇంత పొడుగు బండిలో మనుషులు ఎంతమంది ఉంటారు?" అని అడిగెను.

మాకు వెంటనే జవాబు తోచలేదు. పొరుగింటి కోడలి భర్త గూడ్సుబండ్లపై సహాయ లోకో పైలటుగా పనిచేయుచున్నాడు. మరునాడు ఆ అమ్మాయిని అడిగితిమి. "ముందు ఇద్దరు, వెనక ఒకరు, అక్కయ్యగారూ. పూర్వం ఇంకా ఎక్కువమంది ఉండేవారట. ముందుముందు ఇంకా తగ్గిస్తారేమోనని ఈయన అంటూ ఉంటారు" అని ఆ అమ్మాయి చెప్పినది. చెప్పునప్పుడు ఆమె ముఖమున కనిపించిన దిగులే మమ్ము ఈ విషయమును గూర్చి చదువునట్లు చేసినది. బండిపై మనుష్యులెందరుండవలెనను ప్రశ్న కంపెనీల లెక్కలపుస్తకములకు మాత్రమే సంబంధించినదని ఇదివరకు అనుకొంటిమి. చదివిన కొలదిని అది ఇండ్లకును, ఇల్లాండ్రకును సంబంధించిన ప్రశ్నయే యని తెలిసినది.

ఈ లెక్క మెట్టుమెట్టుగా దిగివచ్చిన చరిత్ర అమెరికా సంయుక్తరాష్ట్రములలో విస్పష్టముగా కనిపించును. అచ్చట ప్రతి మెట్టు దగ్గరను ఒక యంత్రమో, ఒక చట్టమో, ఒక తగవో ఉన్నది. కావున మొదట ఆ దేశపు కథ చెప్పి, పిమ్మట మన దేశమునకు వచ్చెదము.

మన పూర్వులకు ఈ సంగతి కొత్తది కాదు. అర్జునుని రథమున కూర్చుండువారు ఇద్దరే యైనను, యుధామన్యుడు, ఉత్తమౌజుడు అను ఇద్దరు వీరులు చక్రరక్షకులై వెంట నడచిరి. నడపువాడు ముందుచూపు చూడవలెను. చక్రములను కనిపెట్టుటకు వేరొక కన్ను కావలెను. కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగినప్పుడు దానిని ఎత్తుటకు అతడే దిగవలసివచ్చినది. తర్వాత జరిగిన దంతయు మీరెరిగినదే.

అమెరికాలో 1870 మొదలు 1900 వరకు నడచిన గూడ్సుబండిపై సాధారణముగా ఐదుగురు, కొండదారులలో ఆరుగురు ఉండెడివారు. ఇంజను నడపువానిని వారు ఇంజనీరందురు, మనము డ్రైవరందుము. అతని ప్రక్కన ఫైర్‌మన్. పారతో బొగ్గు ఎత్తి పొయ్యిలో వేయుట, బాయిలరులో నీరు తగ్గకుండ చూచుట, తనవైపు దారిని కనిపెట్టుట అతని పని. బండి కంతటికిని పెద్ద కండక్టరు. ఏ పెట్టెలో ఏ సరకున్నది, ఏ స్టేషనులో ఏ పెట్టె విడువవలెను అను కాగితము లన్నియు అతనివద్ద నుండెడివి. బండి తోకకు కబూసు అను చిన్న గదిపెట్టె కలదు. దానిలో ఒక పొయ్యి, రెండు మూడు మంచములు, పైకప్పున ఎత్తుగా ఒక కిటికీ. కండక్టరు అచ్చటనే వ్రాసికొని, అచ్చటనే వండుకొని తిని, ఆ కిటికీనుండి బండి వీపు నంతటిని కనిపెట్టుచుండెడివాడు. మిగిలినవారు ఇద్దరో ముగ్గురో బ్రేక్‌మన్‌లు.

ఈ బ్రేక్‌మన్‌ల పని తలచుకొన్న ఒడలు జలదరించును. ఆ కాలమున బండి కంతటికి ఒక్కసారి పడు బ్రేకు లేదు. ప్రతి పెట్టె పైకప్పుమీదను ఒక ఇనుపచక్రము. డ్రైవరు కూత వేయగనే బ్రేక్‌మన్‌లు పైకెక్కి, పరుగెత్తు బండిమీద ఒక పెట్టెనుండి మరియొక పెట్టెకు దాటుచు, ఆ చక్రములను ఒక్కొక్కటే త్రిప్పి బిగింపవలెను. వానయైనను, మంచు గడ్డకట్టినను, చీకటియైనను ఈ పని తప్పదు. కాలుజారినవాడు రెండు పెట్టెల నడుమ పడును.

పెట్టెలను కలుపుట ఇంతకంటెను భయంకరము. ప్రతి పెట్టె చివరను ఒక గాడి. దానిలో దూర్చుటకు ఒక ఇనుపలంకె. లంకె నిలుచుటకు పైనుండి దించు ఒక మేకు. రెండు పెట్టెలు దగ్గరకు వచ్చు క్షణమున బ్రేక్‌మన్ వాని నడుమ నిలిచి చేతితో లంకెను సరిపెట్టి మేకు దించవలెను. ఒక్క లిప్తపాటు ఆలస్యమైన చేయి నలుగును, లేదా మనిషియే నలుగును. వ్రేళ్ళు పోయినవాడే అనుభవము గల బ్రేక్‌మన్ అని అచ్చట ఒక మాట పుట్టినది. 1889లో అధ్యక్షుడు హారిసన్ తన మొదటి వార్షిక సందేశములో, ఉపయోగకరమైన వృత్తి చేయువారు యుద్ధమున సైనికునికి గల యంత అపాయమున బ్రతుకుట నాగరికతకే నింద యని భావము వచ్చునట్లు చెప్పెను.

ఇట్టివారి భార్యాబిడ్డల గతి ఏమి? 1873లో న్యూయార్కు రాష్ట్రమునందలి పోర్టు జెర్విస్ అను ఊరిలో ఒక ఫైర్‌మన్ పనిలో మరణింపగా, తోటివారు అతని వితంతువునకును బిడ్డలకును చందా వసూలు చేసిరి. ఎన్నిమారులిట్లు టోపీ పట్టుకొని తిరుగుదుమని తలచి వారే ఒక సంఘము నేర్పరచుకొనిరి. 1883లో అదే రాష్ట్రమున ఓనియంటా అను ఊరిలో ఎనిమిదిమంది బ్రేక్‌మన్‌లు ఒక కబూసులో కూర్చుండి తమ సంఘమును స్థాపించుకొనిరి. చనిపోయినవాని ఇంటికి ఇంత సొమ్ము చేర్చుట వారి మొదటి ఉద్దేశములలో నొకటి. తరువాతి కాలమున కంపెనీలను ఎదిరించి నిలిచిన పెద్ద సంఘములు ఈ విధముగా విధవల కన్నీటినుండి పుట్టినవి.

ఇక యంత్రముల మాట. జార్జి వెస్టింగ్‌హౌస్ అను యువకుడు 1869లో గాలిబ్రేకును కనిపెట్టెను. ఇంజనునుండి బండి చివరివరకు ఒక గొట్టము. దానిలో ఒత్తిడిగల గాలి. డ్రైవరు ఒక్క పిడి త్రిప్పగనే అన్ని పెట్టెలకు బ్రేకు పడును. మొదటి ఏర్పాటులో ఒక లోప ముండెను: గొట్టము తెగినచో బ్రేకు పనిచేయదు. 1872లో ఆయన దానిని తలక్రిందు చేసెను. గాలి నిండియున్నంతవరకు బ్రేకు వదలియుండును. గాలి పోయెనా, ప్రతి పెట్టె క్రిందను గల చిన్నతొట్టిలోని గాలి తనంత తానే బ్రేకు వేయును. బండి రెండుగా తెగినను రెండు ముక్కలును ఆగును. 1873లో ఎలీ జానీ అను ఆయన పెట్టెలు కలుపుటకు ఒక కొత్త కొక్కెమునకు పేటెంటు పొందెను. మన రెండు చేతుల వ్రేళ్ళను వంచి ఒకదానితో నొకటి తగిలించినట్లు అవి తాకగనే తామే బిగియును. మనిషి నడుమ నిలువ నక్కరలేదు.

యంత్రములు వచ్చినంత మాత్రమున ప్రాణములు దక్కలేదు. ప్రయాణికుల బండ్లకు గాలిబ్రేకులు త్వరగా వచ్చినవి కాని, లక్షలకొలది గూడ్సుపెట్టెలకు ఖర్చు పెట్టుటకు కంపెనీలు వెనుదీసినవి. అయోవా రాష్ట్రమునకు చెందిన లోరెంజో కాఫిన్ అను రైతు, ఒక బ్రేక్‌మన్ వ్రేళ్ళు నలుగుట కన్నులార చూచినవాడు, ఏండ్ల తరబడి ఊరూరు తిరిగి, పత్రికలకు వ్రాసి, సభలలో చెప్పి ఈ విషయమును విడువక పట్టుకొనెను. తుదకు 1893 మార్చి 2వ తేదీన గాలిబ్రేకులు, తామే తగులుకొను కొక్కెములు తప్పనిసరి చేయు చట్టముపై హారిసన్ సంతకము చేసెను. కంపెనీలు గడువు పొడిగింప కోరగా అది 1900 నాటికి పూర్తిగా అమలునకు వచ్చినది.

ఇచ్చట ఒక్క నిమిషమాగి మన ఇంటివంక చూతము. మా అమ్మమ్మగారి ఇంట ఒకరు దంచువారు, ఒకరు విసరువారు, ఒకరు నీళ్ళు తోడువారు, ఒకరు పొయ్యి ఊదువారు. పిండిమర వచ్చినది, కుళాయి వచ్చినది, గ్యాసుపొయ్యి వచ్చినది. ఆ పనులు నిజముగానే పోయినవి. తిరగలి పోయినదని ఏ స్త్రీయు ఏడ్వలేదు. కాని జ్వరమువచ్చిన బిడ్డవద్ద రాత్రి మేల్కొనియుండుట ఏ యంత్రముతోను పోలేదు. పూర్వము నలుగురు వంతులువేసికొని మేల్కొనెడివారు. ఇప్పుడు ఆ నాలుగు వంతులును ఇంట మిగిలిన ఒక్క ఇల్లాలిపై పడినవి. కావున ఎక్కడనైన మనుష్యులు తగ్గిరనిన మేము అడుగు ప్రశ్న ఒక్కటే: పని పోయినదా, లేక పనివాడు మాత్రమే పోయి పని మిగిలినవారి తలకెక్కినదా?

ఈ కొలతతో చూచిన, పైకప్పుమీద పరుగెత్తు బ్రేక్‌మన్ పని నిజముగా పోయినది. అది పోవుట మహోపకారము. అయినను బ్రేక్‌మన్‌లను కంపెనీలు వెంటనే తీసివేయలేదు. బండి నడుమదారిలో ఆగినచో ఒకడు ఎర్రజెండాయో ఎర్రదీపమో పట్టుకొని వెనుకకు నడచి, వచ్చు బండిని ఆపవలెను; కీలుపట్టాలు మార్చవలెను; ఇరుసులు కాగి పొగవచ్చుచున్నవా యని చూడవలెను. కంపెనీలు తగ్గింపజూచెదరను భయముతో సంఘములు రాష్ట్రసభలలో చట్టములు చేయించినవి. 1907లో ఆర్కన్సా రాష్ట్రము, 25 పెట్టెలకు మించిన గూడ్సుబండిపై డ్రైవరు, ఫైర్‌మన్, కండక్టరు, ముగ్గురు బ్రేక్‌మన్‌లు, అనగా ఆరుగురుండి తీరవలెనని చట్టము చేసినది. కంపెనీ ఒకటి న్యాయస్థానముల కెక్కగా 1911లో ఆ దేశపు సుప్రీముకోర్టు చట్టము చెల్లునని తీర్పు చెప్పెను. ఇది వృథాఖర్చని కంపెనీలు, ఇది ప్రాణరక్షణమని పనివారు చాలకాలము వాదించుకొనిరి.

తరువాత డీసెలు ఇంజను వచ్చినది. 1939లో జనరల్ మోటార్సు వారు నిర్మించిన గూడ్సు డీసెలు ఇంజను దేశమంతయు తిరిగి తన సత్తువ చూపినది. 1950లు ముగియునప్పటికి ఆవిరి ఇంజను అచ్చట దాదాపు అంతరించెను. ఇక బొగ్గు లేదు, పొయ్యి లేదు. ఫైర్‌మన్ మాత్రము ఇంజనులో తన వైపున కూర్చుండియే యున్నాడు. పొయ్యిలేని ఇంట వంటమనిషికి జీతమేల యని 1959 మొదలు కంపెనీలు గట్టిగా అడుగసాగినవి. ఫైర్‌మన్‌లు ఇట్లు బదులుచెప్పిరి: ఎడమవైపు దారిని మేము చూచుచున్నాము, డ్రైవరు స్పృహ తప్పినచో బండిని మేము ఆపెదము, పైగా, ఈ ఆసనముననే కూర్చుండి నేర్చుకొనినవాడే రేపటి డ్రైవరు.

ఈ తగవు దేశమంతటను రైళ్ళు నిలిచిపోవు స్థితికి వచ్చినది. 1963 ఆగస్టు 28వ తేదీన అమెరికా పార్లమెంటు ప్రత్యేకశాసనముచే దీనిని మధ్యవర్తులకు అప్పగించినది. ఆ సంవత్సరము నవంబరులో వచ్చిన తీర్పుచే గూడ్సుబండ్లపైనను యార్డులలోను గల ఫైర్‌మన్ స్థానములలో 90 శాతము వరకు క్రమముగా తీసివేయుటకు కంపెనీలకు వీలు కలిగెను. చాలకాలము పనిచేసినవారికి కొంత రక్షణ దొరకినది, కొత్తవారికి లేదు. మా కొలతకు ఈ మెట్టు సగము సగము నిలుచును. బొగ్గు ఎత్తుపని పోయినమాట నిజము. కాని చూచుపని, తోడుపని, నేర్పుపని పోలేదు. అవి ముందు బ్రేక్‌మన్ వంతునకు జారినవి.

తరువాత కబూసు వంతు వచ్చినది. ఫ్లోరిడా తూర్పుతీరపు రైల్వేలో 1963లో సమ్మె మొదలుకాగా ఆ కంపెనీ తక్కువమందితోనే బండ్లు నడపుటకు అలవాటుపడెను. 1969లో ఆ రైల్వేయే కబూసునకు బదులు బండి చివరిపెట్టెకు ఒక చిన్న పెట్టె తగిలించినది. అది మినుకుమినుకుమని ఎర్రదీపము చూపుచు, గొట్టములోని గాలి ఒత్తిడి ఎంతయున్నదో రేడియోద్వారా ఇంజనునకు తెలుపు యంత్రముగా తరువాత వృద్ధిపొందెను. 1970ల చివర రెండవ బ్రేక్‌మన్ తగ్గెను. 1982 తర్వాత జరిగిన ఒడంబడికలచే కబూసులును తొలగసాగెను. కాగిన ఇరుసును పసిగట్టు యంత్రములను పట్టాల ప్రక్కనే పాతిరి. 1990లు గడచునప్పటికి అనేక మార్గములలో మిగిలినవారు ఇద్దరే: డ్రైవరు, కండక్టరు. ఇద్దరును ముందు ఇంజనులోనే.

ఆరుగురు ఇద్దరైరి. బండి మాత్రము చిన్నది కాలేదు. నేడు అమెరికాలో రెండు మైళ్ళకు మించిన పొడవుగల గూడ్సుబండ్లును నడచుచున్నవి. అట్టి బండి అర్ధరాత్రి తనంత తానే బ్రేకుపడి ఆగినచో, ఏ పెట్టెకడ గొట్టము తెగినదో చూచుటకు కండక్టరు దీపము పట్టుకొని, కంకరరాళ్ళమీద ఒంటరిగా బండి పొడవున నడచి పోవలెను. పూర్వము వెనుకనుండి ఒకరు, ముందునుండి ఒకరు నడచి నడుమ కలిసికొనెడివారు.

ఇక ఇద్దరు ఒక్కరగుట. 2013 జూలై 5వ తేదీ రాత్రి కెనడా దేశమున క్విబెక్ రాష్ట్రములో 72 తొట్టిపెట్టెల ముడిచమురుతో ఒక బండి నాంట్ అను ఊరికడ ఏటవాలు పట్టాలపై నిలిచినది. దానిని నడపినవాడు ఒక్కడే. అతడు ఏడు చేతిబ్రేకులు బిగించి, గాలిబ్రేకు నిలుచుటకై ఒక ఇంజనును నడచుచుండనిచ్చి, విశ్రాంతికై హోటలునకు పోయెను. కొంతసేపటికి ఆ ఇంజనులో మంట పుట్టెను. అగ్నిమాపకులు వచ్చి మంటనార్పి ఇంజనును ఆపిపోయిరి. ఇంజను ఆగినందున గాలి మెల్లమెల్లగా కారిపోయెను. ఒంటిగంట కావచ్చుచుండగా బండి కదలెను. నడపువాడు లేని ఆ బండి ఏడు మైళ్ళకు పైగా దొర్లి, లాక్ మెగాంటిక్ అను ఊరి నడిబొడ్డున 1 గంట 15 నిమిషములకు పట్టాలు తప్పెను. 63 పెట్టెలు పడిపోయి చమురు మండెను. 47 మంది మరణించిరి. నిద్రించుచున్న తల్లులును బిడ్డలును కూడ వారిలో నుండిరి.

న్యాయముగా చెప్పవలెను. ఆ దేశపు రవాణా భద్రతామండలి 2014లో ప్రకటించిన నివేదికలో ఒకటి రెండు కాదు, 18 కారణములు చూపెను. కనీసము 17 చేతిబ్రేకులు కావలసియుండగా ఏడే వేసిరని వ్రాసెను. రెండవ మనిషి ఉండినచో ప్రమాదము తప్పియుండునని నిశ్చయింపజాలమనియు చెప్పెను. నడపినవానిని 2018లో న్యాయస్థానము నిర్దోషిగా విడిచిపెట్టెను. అయినను 2013 జూలైలోనే కెనడా ప్రభుత్వము ప్రమాదకరమైన సరకుగల బండ్లపై ఇద్దరికి తక్కువ ఉండరాదని ఆజ్ఞ చేసినది. అర్ధరాత్రి అలసియున్న ఒక్కడు పదియేడు చక్రములు త్రిప్పవలెననిన ఎంత కష్టమో చెప్పుటకు మనకు ఏ మండలియు అక్కరలేదు.

అమెరికాలోను ఇదే తగవు సాగినది. 2008లో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్తుకడ ప్రయాణికుల బండియు గూడ్సుబండియు ఢీకొని 25 మంది చనిపోగా, డ్రైవరు ఎర్రసంజ్ఞ దాటబోయినచో బండిని తానే ఆపు యంత్రమును ముఖ్యమార్గములలో పెట్టవలెనని అదే సంవత్సరము చట్టము చేసిరి. 2020 చివరకు అది పూర్తియైనది. యంత్రమే కనిపెట్టుచుండగా రెండవవాడేల యని కంపెనీలు మరల అడిగినవి. 2014లో ఒక పెద్ద రైల్వేలో ఒక్కరితో నడపు ఒడంబడిక ప్రతిపాదింపగా పనివారు ఓటువేసి త్రోసిపుచ్చిరి. ఇద్దరు తప్పనిసరియని 2016లో ప్రభుత్వము ప్రతిపాదించెను; 2019లో ఉపసంహరించుకొనెను; 2022లో మరల ప్రతిపాదించెను; 2024 ఏప్రిలులో కొన్ని మినహాయింపులతో నిబంధనగా ప్రకటించెను. ఎనిమిది సంవత్సరములలో ఒక్క మనిషి ఆసనము ఇన్నిమారులు దిగి ఎక్కినది.

అసలు ఆ రెండవ మనిషి చేయునదేమి? సంజ్ఞ కనబడగనే ఒకరు పైకి చెప్పుదురు, రెండవవారు తిరిగి చెప్పుదురు. తెల్లవారుజామున మూడుగంటలవేళ కన్నులు బరువెక్కునప్పుడు ఒకరితో నొకరు మాటలాడుదురు. యంత్రము చెడిన ఒకరు దిగి చూతురు, ఒకరు ఇంజనులో నుందురు. గేటుకడ బండి దెబ్బతగిలి ఎవరైన పడినచో ఒకరు పోయి చేయి పట్టుకొందురు. ఇవి ఏ లెక్కలపుస్తకమునను పనులుగా కనిపించవు. మన ఇంటిపనియును ఏ పుస్తకమునను కనిపించదు గదా! అమెరికాలో 1907 చట్టముచే ఎడతెగక 16 గంటలకు మించి పని చేయించరాదని నియమించిరి. 1969 చట్టముతో అది క్రమముగా 12 గంటలకు దిగినది. పన్నెండు గంటలలో చివరి గంట ఎట్టిదో పురిటియింట మేల్కొనిన ప్రతి స్త్రీకిని తెలియును.

ఒక్కరు కూడ లేని బండియు ఉన్నది. ఆస్ట్రేలియా పడమటిభాగమున పిల్‌బారా అను ఎడారిప్రాంతములో రియో టింటో కంపెనీ 2018 జూలైలో సుమారు 28,000 టన్నుల ఇనుపరాయిని మనుష్యుడు లేని బండిపై 280 కిలోమీటర్లు నడిపించినది. 1,500 కిలోమీటర్లకు పైగా దూరముననున్న పెర్తు నగరమునుండి దానిని కనిపెట్టిరి. జనసంచారము బహు తక్కువైన నేల, సరకు ఒక్కటే, పట్టాలు కంపెనీవే. అట్టిచోట ఇది తగియుండవచ్చును. ఆ యెండలో కూర్చుండు కష్టము ఒకరికి తప్పినందుకు మేము సంతసింతుము. ఊళ్ళ నడుమ, గేట్ల నడుమ, పశువుల నడుమ పోవు బండికి అదే కొలత పనికివచ్చునా యన్నది వేరు ప్రశ్న.

మన దేశమునకు వచ్చెదము. ఆవిరికాలమున మన గూడ్సు ఇంజనులో డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్‌లు, తోకపెట్టెలో గార్డు ఉండెడివారు. 1990ల నడిమికి పెద్దలైనుమీద ఆవిరి ఇంజను ముగిసినది. డీసెలు, విద్యుత్తు ఇంజనులలో డ్రైవరు, ఒక సహాయకుడు మిగిలిరి. నేడు వారిని లోకో పైలటు, సహాయ లోకో పైలటు అందురు. గార్డునకు 2022 జనవరినుండి ట్రైను మేనేజరని పేరు. పొరుగింటి అమ్మాయి చెప్పిన ముగ్గురు వీరే.

ఈ ముగ్గురిలో ఇప్పుడు స్త్రీలును ఉన్నారు. మహారాష్ట్రమునకు చెందిన శ్రీమతి సురేఖా యాదవ్ 1980ల చివర సహాయ డ్రైవరుగా చేరి, గూడ్సుబండ్లు నడపి, 2023 మార్చిలో షోలాపూరునుండి బొంబాయికి వందే భారత్ బండిని నడపెను. ఆమె వెనుక మన ప్రాంతముననుసహా ఎందరో యువతులు ఆ ఆసనమున కూర్చుండిరి. అయితే మన ఇంజనులలో చాలకాలము మరుగుదొడ్డి లేదు; ఇటీవల కొన్నింటిలో అమర్చుచున్నారు. తోడుగా రెండవవారు లేని ఇంజనులో, నడిరాత్రి అడవిలో ఆగిన బండిలో, ఒక యువతి ఒంటరిగా ఉండుట ఎట్లుండునో చదువరులు ఆలోచింపవలెను.

యంత్రము ఎంత మంచిదైనను మనిషి చేయి అక్కరకు రాదని తలచుట పొరపాటు. 2024 ఫిబ్రవరి 25వ తేదీన జమ్మూ ప్రాంతమునందలి కఠువా స్టేషనులో నిలిచిన ఒక కంకర గూడ్సుబండి, నడపువారెవరును లేకయే కదలి, పంజాబువైపు సుమారు 70 కిలోమీటర్లు పరుగెత్తెను. దారిలోని గేట్లు మూయించి, పట్టాలపై దిమ్మెలుపెట్టి తుదకు ఆపగలిగిరి. దైవవశమున ఎవరికిని హాని కలుగలేదు. నాంట్‌లోవలెనే ఇచ్చటను నిలిపిన బండిని చేతిబ్రేకులతో బిగించు చిన్నపనియందే లోపము జరిగినది. ఆ చిన్నపని చేయుటకు సరిపోవు చేతులు, సరిపోవు సమయము, వేయబడినదా యని మరల చూచు ఇంకొక కన్ను కావలెను.

మనుష్యులు తగ్గరాదని మేము చెప్పుటలేదు. మంచుకప్పిన పెట్టెలమీద పరుగెత్తు బ్రేక్‌మన్ ఉద్యోగము నిలుపుమని ఏ తల్లి కోరును? యంత్రము పనిని తీసికొనిపోయినప్పుడు మనిషిని పంపుట న్యాయమే. అప్పుడైనను అతని ఇంటి పొయ్యి ఆరకుండ దారి చూపవలెను. పని మిగిలియుండగా మనిషిని పంపుట మాత్రము పొదుపు కాదు. ఆ ఖర్చును ఒకరి నిద్రనుండి, ఒకరి ఆరోగ్యమునుండి, ఒక్కొక్కప్పుడు ఒక ఊరినుండి వసూలుచేయుటయే యగును.

మా చిన్నమ్మాయికి ఇప్పుడు జవాబు చెప్పితిమి. "ముగ్గురే అమ్మా. ఒకరు నడుపుతారు, ఒకరు తోడు చూస్తారు, ఒకరు వెనక కాపలా కాస్తారు" అంటిమి. అది కొంచెము సేపు ఆలోచించి, "అయితే మన భారతంలో లాగే" అనెను. నిన్న రాత్రి బండి పోవునప్పుడు పెట్టెలు లెక్కించుట మాని తోకపెట్టెవంక చేయి ఊపినది. పొరుగింటి వసారాలో దీపము వెలుగుచునే యుండెను. ఆ యింటి అబ్బాయి తెల్లవారి నాలుగుగంటలకు ఇల్లు చేరెనని, చెంబుల చప్పుడు వినబడి మాకు తెలిసినది.